ఘన సమీకరణం మూలాలు మూడూ వాస్తవ సంఖ్యలే అయినప్పుడు సూత్రంలోకి సంకీర్ణ సంఖ్యలు ఎందుకు వస్తున్నాయి?

సందేహి:

అందరికీ నమస్కారం. నేను సమీకరణ వాదాన్ని సొంతంగా చదువుకుంటున్నాను. కొద్ది రోజులుగా ఒకే ఒక సమీకరణం దగ్గర ఆగిపోయాను. తెలియని రాశిని య అని రాస్తే ఆ సమీకరణం ఇది:

య³ − 3య + 1 = 0

ముందుగా అకరణీయ మూలాల కోసం వెతికాను. ప్రధాన గుణకం 1, స్థిరపదం 1 కాబట్టి, అకరణీయ మూలమంటూ ఉంటే అది 1 గానీ −1 గానీ కావాలి. 1 ప్రతిక్షేపిస్తే −1 వచ్చింది, −1 ప్రతిక్షేపిస్తే 3 వచ్చింది. అంటే అకరణీయ మూలాలు లేవు. తర్వాత పూర్ణాంకాల దగ్గర విలువలు చూశాను. −2 దగ్గర −1, −1 దగ్గర 3, 0 దగ్గర 1, 1 దగ్గర −1, 2 దగ్గర 3 వచ్చాయి. గుర్తు మూడు చోట్ల మారింది కాబట్టి −2, −1 ల మధ్య ఒకటి, 0, 1 ల మధ్య ఒకటి, 1, 2 ల మధ్య ఒకటి చొప్పున మూడు వాస్తవ మూలాలు ఉన్నాయని తేలింది.

ఇంతవరకు సందేహం లేదు. ఆ తర్వాత ఘన సమీకరణాల మూలాలను ఇచ్చే కార్డానో సూత్రం వాడితే వర్గమూలం కింద −3 వచ్చింది. లెక్క మూడుసార్లు సరిచూసుకున్నా అదే వస్తోంది. మూలాలు మూడూ వాస్తవాలేనని కళ్లెదుట కనిపిస్తుంటే, వాటిని ఇవ్వవలసిన సూత్రంలో ఋణసంఖ్యకు వర్గమూలం ఎందుకు వస్తోంది? నా లెక్కలో తప్పుందా, లేక నేను సూత్రాన్ని వాడకూడని చోట వాడుతున్నానా?

కరణి:

సందేహి గారూ, మీ లెక్కలో తప్పు లేదు, సూత్రాన్ని వాడకూడని చోట వాడనూ లేదు. మీరు ఎదుర్కొన్న చిక్కు దాదాపు అయిదు శతాబ్దాల నాటిది. కార్డానో 1545లో తన గ్రంథంలో ఈ సూత్రాన్ని అచ్చు వేసినప్పుడే ఇది ఆయనకు తెలుసు. అంతకు ముందే సూత్రాన్ని కనుగొన్న డెల్ ఫెర్రో, టార్టాల్యాలకు ఆ ఘనత దక్కాలన్న వివాదం మీరు చదివే ఉంటారు, దాన్ని ఇక్కడ పక్కన పెడుతున్నాను.

సూత్రం ఎలా వస్తుందో ఒకసారి చూద్దాం. య = మ + న అనుకుంటే య³ = 3మన·య + (మ³ + న³) అవుతుంది. దీన్ని య³ = 3య − 1 తో పోలిస్తే మన = 1, మ³ + న³ = −1 కావాలి. అంటే మ³, న³ అనే రెండు సంఖ్యల మొత్తం −1, లబ్ధం 1. కాబట్టి అవి ట² + ట + 1 = 0 అనే వర్గ సమీకరణం మూలాలు. ఆ సమీకరణం విచక్షణి −3. మీకు కనిపించిన −3 ఇదే.

ఇక్కడ గమనించవలసిందేమిటంటే, మ, న లు సంకీర్ణ సంఖ్యలైనా అవి ఒకదానికొకటి సంయుగ్మాలు. వాటిని కూడినప్పుడు కల్పిత భాగాలు రద్దయి వాస్తవ సంఖ్యే మిగులుతుంది. ఈ సంగతిని మొదట ధైర్యంగా వాడినవాడు బాంబెల్లి. ఆయన 1572లో య³ = 15య + 4 అనే సమీకరణాన్ని తీసుకున్నాడు. దాని మూలం 4 అని చూడగానే తెలుస్తుంది, సూత్రం మాత్రం 2 + √(−121), 2 − √(−121) ల ఘనమూలాల మొత్తాన్ని ఇస్తుంది. 2 + √(−1) ని ఘనం చేస్తే 2 + 11√(−1) వస్తుందని, అంటే సరిగ్గా 2 + √(−121) వస్తుందని ఆయన గుర్తించాడు. కాబట్టి ఘనమూలాలు 2 + √(−1), 2 − √(−1). వాటి మొత్తం 4. సంకీర్ణ సంఖ్యలను గణితజ్ఞులు పట్టించుకోవడం వర్గ సమీకరణంతో మొదలైందని పాఠాల్లో వింటుంటాం గానీ, వర్గ సమీకరణంలో ఋణ విచక్షణి వస్తే "మూలాలు లేవు" అని చెప్పి తప్పుకోవచ్చు. ఘన సమీకరణంలో అలా తప్పుకునే దారి లేదు, ఎందుకంటే మూలం ఎదురుగా ఉంది. నా దృష్టిలో ఆ సంఖ్యలకు నిజంగా చోటు కల్పించింది ఘన సమీకరణమే.

సందేహి:

కరణి గారూ, చాలా కృతజ్ఞతలు. బాంబెల్లి ఉదాహరణ అర్థమైంది. కానీ అక్కడ ఘనమూలం 2 + √(−1) అని ఆయనకు దొరికింది. నా సమీకరణంలో (−1 + √(−3))/2 కు ఘనమూలం తీయాలి. దాన్ని ప + ఫ√(−1) అనుకుని ఘనం చేసి వాస్తవ భాగాలను సమానం చేశాను. చివరికి 2ప కు వచ్చిన సమీకరణం మళ్లీ య³ − 3య + 1 = 0 యే. తిరిగి తిరిగి మొదటికే వచ్చాను. దీనికి బయటపడే దారి లేదా?

కరణి:

మీరు తిరిగి మొదటికే రావడం యాదృచ్ఛికం కాదు. అకరణీయ గుణకాలు ఉండి, అకరణీయ మూలం ఒక్కటీ లేకుండా, మూడు మూలాలూ వాస్తవాలే అయిన ఘన సమీకరణానికి, వాస్తవ సంఖ్యల మూలచిహ్నాలతో (వర్గమూలం, ఘనమూలం లాంటివాటితో) మాత్రమే ఏ మూలాన్నీ రాయడం సాధ్యం కాదు. దీన్ని వాంట్జెల్ 1843లో నిరూపించాడు. అంటే ఇది సూత్రంలో ఉన్న లోపం కాదు. ఇంకెవరు ఎంత తెలివైన సూత్రం కనిపెట్టినా, అందులో వర్గమూలాలూ ఘనమూలాలూ మాత్రమే ఉంటే, అది ఎక్కడో ఒకచోట సంకీర్ణ సంఖ్యల గుండా వెళ్లక తప్పదు.

బయటపడే దారి మాత్రం ఉంది, అది త్రికోణమితిలో ఉంది. కొసైన్ త్రిగుణ సూత్రం మీకు తెలిసిందే. య = 2 కొసైన్ థ అని రాస్తే య³ − 3య = 2 కొసైన్ 3థ అవుతుంది. మన సమీకరణం ప్రకారం ఇది −1 కి సమానం కావాలి, కాబట్టి కొసైన్ 3థ = −1/2, అంటే 3థ = 120° లేదా 480° లేదా 840°. థ విలువలు 40°, 160°, 280°. చివరిదాని కొసైన్, 80° కొసైన్ ఒకటే. కాబట్టి మీ మూలాలు:

2 కొసైన్ 40° = 1.532089
2 కొసైన్ 80° = 0.347296
2 కొసైన్ 160° = −1.879385

వీటి మొత్తం సున్న, లబ్ధం −1. రెండూ గుణకాలతో సరిపోతున్నాయి. ఈ ప్రతిక్షేపణ వియెటాది. మూడు వాస్తవ మూలాలున్న ఏ ఘన సమీకరణానికైనా, ముందు య² పదాన్ని తొలగించి, తర్వాత చలరాశిని తగిన స్థిరసంఖ్యతో గుణిస్తే ఇది పనిచేస్తుంది. సూత్రంలో ఘనమూలం తీయడమంటే కోణాన్ని మూడు సమభాగాలు చేయడమేనని మీకు ఇప్పుడు కనిపిస్తోంది కదా. 120° కోణాన్ని స్కేలు, వృత్తలేఖినులతో మూడు సమభాగాలు చేయలేమనీ, అందువల్ల క్రమ నవభుజిని ఆ పరికరాలతో గీయలేమనీ చెప్పేది కూడా ఈ సమీకరణమే. ఆ సంగతిని నిరూపించినదీ వాంట్జెలే, 1837లో.

స్పర్శరేఖ:

చర్చ చక్కగా సాగుతోంది, అయితే ఒక అభ్యంతరం చెప్పాలనుంది. 2 కొసైన్ 40° అని రాస్తే మూలం "దొరికినట్టు" ఎలా అవుతుంది? ఆ కొసైన్ విలువ కావాలంటే మళ్లీ ఏదో ఒక శ్రేణితోనో పట్టికతోనో ఉజ్జాయింపు చేయవలసిందే. √2 అని రాసినా అంతే: "వర్గం చేస్తే 2 వచ్చే ధన సంఖ్య" అన్న వాక్యానికి అది సంక్షిప్త రూపం. నాకు అంకెలు కావాలంటే నేరుగా సమీకరణం నుంచే తెచ్చుకుంటాను.

న్యూటన్ పద్ధతి ప్రకారం, చేతిలో ఉన్న అంచనా దగ్గర వక్రానికి స్పర్శరేఖ గీసి, అది అక్షాన్ని ఖండించిన చోటును కొత్త అంచనాగా తీసుకుంటాం. అంటే బహుపది విలువను అవకలజం విలువతో భాగించి, వచ్చినదాన్ని పాత అంచనా నుంచి తీసివేస్తాం. ఇక్కడ అవకలజం 3య² − 3. 1.5 తో మొదలుపెడితే బహుపది విలువ −0.125, అవకలజం 3.75, కాబట్టి కొత్త అంచనా 1.533333. మరొక మెట్టుకు 1.532091 వస్తుంది. ఇంకొక మెట్టుకు 1.532089. దోషం మొదట 0.03 దగ్గర ఉంది, తర్వాత 0.001 దగ్గరకు, ఆ తర్వాత 0.000002 లోపుకు పడిపోయింది. సరైన అంకెల సంఖ్య ప్రతి మెట్టుకూ ఇంచుమించు రెట్టింపవుతుంది. న్యూటన్ స్వయంగా చేసి చూపిన ఉదాహరణ య³ − 2య − 5 = 0. దాని మూలం 2.09455148. అంచనా 2 తో మొదలుపెట్టి మీరే చేసి చూడండి, కాగితం మీద పావుగంట పని.

శేషం సున్న:

స్పర్శరేఖ గారూ, మీ పద్ధతి మీద నాకూ గౌరవమే గానీ, చదివేవారికి ఒక హెచ్చరిక ఇవ్వకపోతే అన్యాయమవుతుంది. ఇదే సమీకరణంలో 1 తో మొదలుపెడితే అవకలజం సున్న అవుతుంది, స్పర్శరేఖ అక్షాన్ని అసలు తాకదు. అది కనీసం వెంటనే బయటపడే వైఫల్యం. య³ − 2య + 2 = 0 ను తీసుకుని 0 తో మొదలుపెట్టండి. కొత్త అంచనా 1 వస్తుంది. 1 నుంచి మళ్లీ 0 వస్తుంది. ఎన్ని మెట్లు వేసినా 0, 1, 0, 1 అని తిరుగుతూనే ఉంటుంది, అసలు మూలం −1.77 దగ్గర ఉండగా.

పునరావృత మూలం ఉన్నప్పుడు మరో ఇబ్బంది వస్తుంది. మూలం రెండుసార్లు వస్తే దోషం ప్రతి మెట్టుకూ సగం మాత్రమే తగ్గుతుంది, అంకెలు రెట్టింపయ్యే వేగం పోతుంది. అందుకే ముందు బహుపదికీ దాని అవకలజానికీ గరిష్ఠ సామాన్య భాజకం తీయాలి. అది స్థిరసంఖ్య అయితే పునరావృత మూలాలు లేవు. కాకపోతే బహుపదిని దానితో భాగిస్తే, అవే మూలాలు ఒక్కొక్కసారే వచ్చే బహుపది మిగులుతుంది. దీనికి మూలాలు తెలియనక్కర లేదు, కేవలం భాగహారం వస్తే చాలు. సమీకరణ వాదంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఫలితాల్లో ఇది ఒకటి, ఎందుకంటే కనిపించని మూలాల గురించి కనిపించే గుణకాలే సాక్ష్యం చెబుతాయి.

అలాగే, అంకెల వేటకు దిగే ముందు అకరణీయ మూలాల పరీక్ష మానకూడదు. 2య³ − 3య² − 11య + 6 = 0 కు న్యూటన్ పద్ధతితో 0.5000000 అని తెచ్చుకునేవారిని చూశాను. స్థిరపదం కారణాంకాలను ప్రధాన గుణకం కారణాంకాలతో భాగించి చూస్తే 3, −2, 1/2 అని కచ్చితంగా దొరుకుతాయి. ఒకటి దొరకగానే సంక్షిప్త భాగహారంతో పరిమాణం తగ్గించుకుంటే మిగిలింది వర్గ సమీకరణమే.

దశాంశ బిందువు:

నేను వృత్తిరీత్యా సంఖ్యాత్మక గణనలు చేస్తాను, కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు.

మొదటిది, సూత్రం ఉన్నంత మాత్రాన అంకెలు సరిగా వస్తాయని అనుకోకూడదు. య² − 100000య + 1 = 0 ను ఎనిమిది అంకెలు మాత్రమే ఉంచుకునే యంత్రంలో మామూలు సూత్రంతో చేయండి. విచక్షణి వర్గమూలం 99999.99998, యంత్రం దాన్ని 100000 గా గుండ్రం చేస్తుంది. అప్పుడు చిన్న మూలం సున్న అని వస్తుంది. అసలు విలువ ఇంచుమించు 0.00001. దాదాపు సమానమైన రెండు సంఖ్యలను తీసివేసినప్పుడు అంకెలన్నీ కొట్టుకుపోవడమే దీనికి కారణం. పెద్ద మూలాన్ని సూత్రంతో తీసి, మూలాల లబ్ధం 1 కాబట్టి చిన్నదాన్ని భాగహారంతో తెచ్చుకుంటే ఇబ్బంది ఉండదు.

రెండవది మరింత లోతైనది. విల్కిన్సన్ ఒక బహుపదిని పరిశీలించాడు: (య − 1)(య − 2)… అని (య − 20) వరకు గుణించగా వచ్చేది. మూలాలు 1 నుంచి 20 వరకు ఉన్న పూర్ణాంకాలు, ఒకదానికొకటి చక్కగా దూరంగా ఉన్నాయి. య¹⁹ గుణకం −210. ఆ ఒక్క గుణకాన్ని 2 యొక్క 23వ ఘాతం వ్యుత్క్రమమంత, అంటే సుమారు 0.00000012 మేర తగ్గించి చూస్తే, 20 అనే మూలం 20.85 దగ్గరకు జరిగిపోయింది, 16, 17 అనే మూలాలు కలిసి 16.73 ± 2.81√(−1) అనే సంకీర్ణ సంఖ్యల జంటగా మారాయి. మొత్తం మీద ఇరవైలో పది మూలాలు వాస్తవాలు కాకుండా పోయాయి. ఇందులో పద్ధతి తప్పేమీ లేదు. గుణకాల నుంచి మూలాలకు వెళ్లే దారే అంత సున్నితమైనది. గుణకాలు కొలతల నుంచి వచ్చినవైతే, మూలాలకు పది దశాంశ స్థానాలు రాసుకోవడం అర్థం లేని పని. నేటి గణన సాఫ్ట్‌వేర్లలో చాలావరకు బహుపదిని ఒక మాత్రికగా మార్చి, దాని ఐగెన్ విలువలను (కొన్ని దిశలను మార్చకుండా మాత్రిక వాటిని ఎన్ని రెట్లు సాగదీస్తుందో చెప్పే సంఖ్యలను) కనుక్కుంటాయి. మనకు పాఠాల్లో ఐగెన్ విలువల కోసం బహుపది మూలాలు కనుక్కోమంటారు, యంత్రంలో సరిగ్గా దానికి వ్యతిరేకంగా జరుగుతుంది.

సందేహి:

ఇన్ని విషయాలు తెలుస్తాయని అనుకోలేదు. అందరికీ కృతజ్ఞతలు.

ఈలోగా నాకు ఒక వింత కనిపించింది, దాన్ని మీ ముందుంచుతున్నాను. కరణి గారు ఇచ్చిన మూడు విలువలతో క్యాలిక్యులేటర్ మీద ఆడుతుంటే, 1.532089 ను వర్గం చేస్తే 2.347296 వచ్చింది. దశాంశ భాగం రెండవ మూలంలో ఉన్నదే! అంటే వర్గం నుంచి 2 తీసివేస్తే రెండవ మూలం వచ్చింది. రెండవదాన్ని వర్గం చేసి 2 తీసివేస్తే −1.879385 వచ్చింది. దాన్ని వర్గం చేసి 2 తీసివేస్తే మళ్లీ 1.532089. ఒక మూలం తెలిస్తే మిగిలినవి వర్గమూలాలేవీ లేకుండా దానినుంచే వచ్చేస్తున్నాయి. ప్రతి ఘన సమీకరణానికీ ఇలా జరుగుతుందా?

శేషం సున్న:

సందేహి గారూ, ఈ చర్చ మొత్తంలో విలువైన ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం, మీరు దాన్ని స్వయంగా చేరుకోవడం చూసి ఎంతో సంతోషించాను.

ఈ సమీకరణం వరకు కారణం వెంటనే చెప్పవచ్చు. మూలం 2 కొసైన్ థ అయితే, దాని వర్గం నుంచి 2 తీసివేస్తే 2 కొసైన్ 2థ వస్తుంది. అంటే మీరు కోణాన్ని రెట్టింపు చేస్తున్నారు. 40° నుంచి 80°, 80° నుంచి 160°, 160° నుంచి 320°, దాని కొసైన్ మళ్లీ 40° కొసైన్. కానీ ఈ సమాధానంతో తృప్తి పడకండి, ఎందుకంటే కొసైన్ ప్రస్తావన లేకుండా గుణకాల నుంచే దీన్ని రాబట్టవచ్చు.

మూలాలను ర, ల, వ అనుకుందాం. వాటి మధ్య తేడాల లబ్ధాన్ని, అంటే (ర − ల)(ర − వ)(ల − వ) ను, తీసుకోండి. దీని వర్గమే విచక్షణి. య³ + పయ + ఫ అనే రూపంలో ఉన్న బహుపదికి విచక్షణి −4ప³ − 27ఫ². ఇక్కడ ప = −3, ఫ = 1 కాబట్టి 108 − 27 = 81. అది 9 వర్గం! కాబట్టి తేడాల లబ్ధం 9 లేదా −9, అంటే పూర్ణాంకం. ఇక (ర − ల)(ర − వ) అనేది ర దగ్గర అవకలజం విలువ, అంటే 3ర² − 3. కాబట్టి

ల − వ = ± 9 / (3ర² − 3) = ± 3 / (ర² − 1)

అవుతుంది. మరోవైపు మూలాల మొత్తం సున్న కాబట్టి ల + వ = −ర. మొత్తమూ తేడా రెండూ ర లోనే ఉన్నాయి కాబట్టి ల, వ లు కూడా ర నుంచే వస్తాయి. భాగహారాన్ని తొలగించడం కూడా తేలికే: ర³ = 3ర − 1 అన్నది వాడుతూ (ర² − 1)(2ర² + ర − 4) ను విస్తరించండి, అన్నీ రద్దయి 3 మిగులుతుంది. కాబట్టి 3/(ర² − 1) అంటే 2ర² + ర − 4. దీన్ని −ర తో కూడి సగం చేస్తే ర² − 2. మీ క్యాలిక్యులేటర్ చూపించినది ఇదే.

ఇప్పుడు మీ ప్రశ్నకు జవాబు. అకరణీయ గుణకాలు ఉండి, అకరణీయ మూలం లేని ఘన సమీకరణంలో, విచక్షణి ఒక అకరణీయ సంఖ్య వర్గమైతే ఇలా జరుగుతుంది, కాకపోతే జరగదు. య³ − 4య + 1 = 0 కు కూడా మూడు వాస్తవ మూలాలు ఉన్నాయి, కానీ విచక్షణి 256 − 27 = 229. అది వర్గం కాదు. అక్కడ ఒక మూలం తెలిసినా, మిగిలిన రెండిటినీ విడదీయడానికి √229 కూడా కావాలి.

కరణి:

శేషం సున్న గారు చెప్పినదానికి ఒక్క మాట కలుపుతాను. గాల్వా సిద్ధాంతం అని పెద్ద పేరుతో పిలిచేదాని మొదటి మెట్టు ఇదే. మూలాలను ఒకదాని స్థానంలో మరొకటి ఎన్ని రకాలుగా మార్చినా వాటి మధ్య ఉన్న అకరణీయ సంబంధాలు చెడకుండా ఉంటాయో లెక్కించడం ఆ సిద్ధాంతం పని. య³ − 4య + 1 కు ఆరు మార్పులూ చెల్లుతాయి. సందేహి గారి సమీకరణానికి "ల = ర² − 2" అన్న సంబంధం ఉండటం వల్ల మూడు మార్పులే చెల్లుతాయి: కదలకుండా ఉంచడం, చక్రంలా ఒక స్థానం జరపడం, రెండు స్థానాలు జరపడం. ఈ భావనలను కాగితం మీద పెట్టిన గాల్వా 1832లో ఇరవై ఏళ్ల వయసులో మరణించాడు, ఆయన రాతలను ల్యూవీల్ 1846లో అచ్చు వేయించాడు.

స్పర్శరేఖ:

గాల్వా పేరు వచ్చింది కాబట్టి అడుగుతున్నాను. అయిదవ పరిమాణం నుంచి పైకి సమీకరణాలను సాధించలేమని ఆయన నిరూపించాడు కదా. అలాంటప్పుడు మూడు, నాలుగు పరిమాణాల సూత్రాల మీద ఇంత శ్రమ పడటం కన్నా, అన్ని పరిమాణాలకూ పనిచేసే ఉజ్జాయింపు పద్ధతులనే నేర్చుకోవడం మేలు కాదా?

కరణి:

స్పర్శరేఖ గారూ, ఈ వాక్యం చాలా చోట్ల ఇదే రూపంలో కనిపిస్తుంది, అందుకే కొంచెం నిదానంగా విడదీస్తాను.

అయిదవ పరిమాణపు సమీకరణానికి మూలాలు లేవని ఎవరూ అనలేదు. స్థిరసంఖ్య కాని ప్రతి బహుపదికీ సంకీర్ణ సంఖ్యల్లో మూలం ఉంటుంది. గౌస్ 1799లో తన పరిశోధన వ్యాసంలో తీసుకున్న విషయం ఇదే. ఆ మూలాలను కనుక్కోలేమనీ ఎవరూ అనలేదు, మీ స్పర్శరేఖలు వాటిని ఎన్ని అంకెలకైనా తెచ్చి ఇస్తాయి. నిరూపించినది ఏమిటంటే, గుణకాల మీద కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, మూలచిహ్నాలు మాత్రమే వాడి, అయిదవ పరిమాణపు సమీకరణాలన్నిటికీ వర్తించే ఒకే సూత్రం రాయలేమని. రుఫినీ 1799లో దీనికి ఒక నిరూపణ ఇచ్చాడు, అందులో ఒక ఖాళీ మిగిలిపోయింది. 1824లో ఆబెల్ సరైన నిరూపణ ఇచ్చాడు. గాల్వా చేసినది ఇంకా ముందుకు వెళ్లడం: ఏ ఒక్క సమీకరణాన్ని తీసుకున్నా, దానికి మూలచిహ్నాలతో సాధన ఉందా లేదా అని తేల్చే కొలమానాన్ని ఆయన ఇచ్చాడు.

ఈ తేడా మాటల్లో మాత్రమే ఉన్నది కాదు. య⁵ − 2 = 0 అయిదవ పరిమాణానిదే, 2 కు అయిదవ మూలం అని రాస్తే సరిపోతుంది. య⁵ − య − 1 = 0 చూడటానికి అంతే సరళంగా ఉంటుంది, దాని ఏకైక వాస్తవ మూలం 1.1673 దగ్గర ఉంది, కానీ దాన్ని ఏ మూలచిహ్నాల కలయికతోనూ రాయలేం. ఆ అయిదు మూలాలను 120 రకాలుగా మార్చినా ఏ సంబంధమూ చెడదు, ఎందుకంటే వాటి మధ్య గుణకాలు చెప్పేవి తప్ప మరే ప్రత్యేక సంబంధమూ లేదు. మూలచిహ్నాలను దాటి వెళ్లడానికి సిద్ధపడితే అక్కడా దారి ఉంది. హెర్మిట్ 1858లో అయిదవ పరిమాణపు సాధారణ సమీకరణాన్ని దీర్ఘవృత్తీయ ప్రమేయాలతో సాధించాడు. మన ఘన సమీకరణాన్ని కొసైన్ సాధించిన తీరుకు అది దూరపు బంధువు.

ఇక శ్రమ విషయం. అంకెలే కావాలంటే మీరు చెప్పినదే సరైన మార్గం, నాలుగవ పరిమాణానికి ఫెరారీ సూత్రాన్ని నేను కూడా లెక్కల కోసం ఎప్పుడూ వాడను. కానీ 1.532089, 0.347296 అనే రెండు అంకెల వరుసలను ఎంతసేపు చూసినా, అవి ఒకే చక్రంలో ఉన్నాయన్న సంగతి వాటంతట అవి చెప్పవు. సందేహి గారికి అది అదృష్టవశాత్తూ కనిపించింది, విచక్షణి 81 అని చూసినవారికి కనిపించి తీరుతుంది.

స్పర్శరేఖ:

ఒప్పుకుంటున్నాను. "సాధించలేం" అన్న మాటను నేను ఇన్నాళ్లూ అవసరానికి మించి విస్తరించి అర్థం చేసుకున్నాను. 120 మార్పుల సంగతి నిరూపణతో సహా చదవాలి.

సందేహి:

రెండు రోజులుగా మీరు చెప్పిన విచక్షణి పరీక్షతో చాలా సమీకరణాలు చూశాను. య³ + య² − 2య − 1 = 0 కు మూలాలు 1.24698, −0.44504, −1.80194 వచ్చాయి. య² పదాన్ని తొలగించి విచక్షణి కడితే 49, అంటే 7 వర్గం. ఇక్కడ కూడా వర్గం చేసి 2 తీసివేస్తే ఒక మూలం నుంచి మరొక మూలం వస్తోంది. ఇది కూడా ఏదైనా క్రమ బహుభుజికి సంబంధించినదేనా?

శేషం సున్న:

అవును, క్రమ సప్తభుజికి. ఎలాగో చూడండి. 1 కి ఏడవ మూలాల్లో 1 కానిదాన్ని జ అనుకుంటే 1 + జ + జ² + … + జ⁶ = 0. దీన్ని జ³ తో భాగిస్తే గుణకాలు రెండు వైపులా అద్దంలో ప్రతిబింబంలా సరిపోతాయి, మనం వ్యుత్క్రమ సమీకరణం అని పిలిచేది ఇదే. జ + 1/జ = య అని రాస్తే జ² + 1/జ² అంటే య² − 2, జ³ + 1/జ³ అంటే య³ − 3య. అన్నీ కూడితే మీ సమీకరణం వస్తుంది. ఆరవ పరిమాణం ఒక్క ప్రతిక్షేపణతో మూడుకు దిగింది. మీరు ప్రతిసారీ చూస్తున్న "వర్గం నుంచి 2 తీసివేయడం" కూడా ఈ జ² + 1/జ² లో నుంచే వస్తోంది.

ఏడు స్థానంలో 11 పెట్టి ఇదే పని చేయండి. అయిదవ పరిమాణపు సమీకరణం వస్తుంది. దానికి మూలచిహ్నాలతో సాధన ఉంది, వాండర్‌మోండ్ దాన్ని 18వ శతాబ్దంలోనే రాశాడు. ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి: విచక్షణి ఒక్కటే చూసి తేల్చడం మూడవ పరిమాణానికే చెల్లుతుంది, అయిదవ పరిమాణానికి అది చాలదు.

సందేహి:

చేశాను. వచ్చిన సమీకరణం ఇది:

య⁵ + య⁴ − 4య³ − 3య² + 3య + 1 = 0

అకరణీయ మూలాలు లేవు. స్పర్శరేఖ గారి పద్ధతితో 1.7 నుంచి మొదలుపెట్టి ఒకే ఒక మూలం తీశాను: 1.682507. మిగిలిన నాలుగింటికి ఆ పద్ధతిని మళ్లీ వాడలేదు. వర్గం చేసి 2 తీసివేస్తూ పోతే 0.830830, తర్వాత −1.309721, తర్వాత −0.284630, తర్వాత −1.918986 వచ్చాయి. అయిదవసారి మళ్లీ 1.682507 దగ్గరకు వచ్చాను. అయిదింటినీ సమీకరణంలో ప్రతిక్షేపించి చూశాను, ఉంచుకున్న అంకెల మేరకు అయిదూ సున్న ఇస్తున్నాయి. వాటి మొత్తం −1, లబ్ధం −1.